రెండో సబ్జెక్టుగా కళాచరిత్ర



జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బస్సు దిగి ఫిల్మ్‌నగర్ దాకా ఓపికగా నడిస్తే, దారి పొడవునా బొమ్మలతో బతికే ఆఫీసులే కనబడతాయి. నిర్మాణ సంస్థలు, ఎడిటింగ్ గదులు, గ్రాఫిక్స్ కంపెనీలు, కాస్ట్యూమ్ డిజైనర్ల కొట్లు, పోస్టర్లు డిజైన్ చేసే ఇరుకు గదులు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచేనాటికి ఇక్కడ బండరాళ్లు, ముళ్ల పొదలు తప్ప పెద్దగా ఏమీ లేవు. మద్రాసు నుంచి ఒక్కొక్కరుగా వచ్చి చేరిన సినిమావాళ్లు ఆ గుట్టల్ని ఊరుగా మార్చారు.

ఈ ఆఫీసుల్లో, ముఖ్యంగా పౌరాణికమో చారిత్రకమో తీస్తున్న చోట, తెల్లారితే వినబడే మాట ఒకటుంది. ‘రెఫరెన్స్ ఉందా?’ అని. దర్శకుడు ఆర్ట్ డైరెక్టర్‌ని అడుగుతాడు. ఆర్ట్ డైరెక్టర్ అసిస్టెంట్‌ని అడుగుతాడు. అసిస్టెంట్ ఫోన్ తీసి వెతికి, ఒక కోట బొమ్మో, ఒక నగ బొమ్మో చూపిస్తాడు. ‘బాగుంది, ఇదే కొట్టెయ్’ అంటారు. ఆ బొమ్మ ఏ కాలానిది, ఏ సీమది, ఎవరి కోసం చేసింది అని అడిగేవాడు ఆ గదిలో ఉంటే ఒక రకం సినిమా వస్తుంది. లేకపోతే ఇంకో రకం సినిమా వస్తుంది. కోట్లు పోసి కట్టే సెట్టు ఖర్చు మాత్రం రెండింటికీ ఒకటే.

ఆ ప్రశ్న అడగడం నేర్పే చదువు పేరు కళాచరిత్ర. ఆర్ట్ హిస్టరీ అంటే చాలామందికి తెలుస్తుంది. చదువులన్నీ వదిలేసి పిల్లలు దీన్నే పట్టుకోవాలని నేను చెప్పబోవడం లేదు. కంప్యూటర్ సైన్సో, కామర్సో, తెలుగు సాహిత్యమో, ఫిల్మ్ కోర్సో ఏది చదువుతున్నా, దాని పక్కన రెండో సబ్జెక్టుగా, ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో మైనర్ అంటున్నారే, ఆ మైనర్‌గా కళాచరిత్ర చదవడం గురించి ఈ పూట నాలుగు మాటలు.

ముందుగా ఒక అపోహ. కళాచరిత్ర చదవాలంటే బొమ్మలు వేయడం రావాలి కాబోలు అనుకుంటారు. అక్కర్లేదు. చేత్తో గీత గీయలేనివాడు కూడా గొప్ప కళాచరిత్రకారుడు కావచ్చు. ఈ చదువులో పనంతా కంటికీ బుద్ధికీ. ఒక శిల్పం ముందో, ఒక చిత్రం ముందో నిలబడి వరసగా ప్రశ్నలు వేయాలి. దీన్ని ఎవరు చేయించారు? డబ్బు ఎవరిది? ఏ రాయి, ఏ రంగు? ఇక్కడే ఎందుకు పెట్టారు? ఎవరు చూడాలని పెట్టారు? దీనికి ముందు ఇలాంటివి ఉన్నాయా? దీని తరువాత వచ్చినవాళ్లు దీని నుంచి ఏం తీసుకున్నారు? జవాబులన్నీ దొరకవు. దొరకనప్పుడు ఊహించి చెప్పకుండా ఆగడం కూడా ఈ చదువులో భాగమే.

ఒక ఉదాహరణ చెబుతాను. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపానికి అమర్చిన పాలరంగు సున్నపురాతి పలకల్లో గుండ్రటి ఫలకం ఒకటి ఉంది. సుమారు రెండో శతాబ్దం నాటిది. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. కథ బౌద్ధులకు బాగా తెలిసినదే. బుద్ధుణ్ణి చంపించాలని దేవదత్తుడు నాళాగిరి అనే మదపుటేనుగును రాజగృహ వీధిలోకి వదిలిస్తాడు. శిల్పి ఆ వీధినంతా ఒక్క గుండ్రటి ఫలకంలోకి తెచ్చాడు. ఏనుగు మనుషుల మీదికి దూకుతోంది. జనం చెల్లాచెదురవుతున్నారు. ఒక స్త్రీ భయంతో పక్కనున్న వ్యక్తిని పట్టుకుంది. మేడల మీద కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. అదే ఫలకంలో అదే ఏనుగు మళ్లీ కనబడుతుంది, ఈసారి బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి.

తెలియనివాళ్లకు అక్కడ రెండు ఏనుగులు కనబడతాయి. తెలిసినవాళ్లకు ఒక్క ఏనుగే, రెండు క్షణాల్లో కనబడుతుంది. మధ్యలో అడ్డుగీత లేదు. కాలాన్ని ఒకే చోట మడిచి చూపించే ఈ పద్ధతిని మన శిల్పులు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే వాడేశారు. స్క్రీన్‌ప్లే రాసే కుర్రాడు ఆ ఫలకం ముందు ఒక గంట నిలబడితే, ముప్పును ఎక్కడ మొదలుపెట్టాలి, జనం స్పందనను ఎవరి ముఖాల మీద చూపించాలి, పతాక ఘట్టంలో చప్పుడు ఎలా తగ్గించాలి అన్నవి పాఠంలా కనబడతాయి. కిటికీల్లోంచి తొంగిచూసే ఆ ముఖాలు ఈనాటి సినిమా భాషలో రియాక్షన్ షాట్లే.

ఇక్కడే ఇంకో పాఠం కూడా ఉంది. అమరావతి శిల్పాలు చూడాలంటే అమరావతిలో ఉన్నవి చాలవు. 1797లో కోలిన్ మెకంజీ ఆ దిబ్బను చూసినప్పటి నుంచి, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినప్పటి నుంచి ఆ రాళ్లు ప్రయాణాలు కట్టాయి. చెన్నైలో చాలా, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా ఉన్నాయి. మన ఊరి రాయి అంత దూరం ఎలా వెళ్లింది, ఎవరు పంపారు, ఏ కాగితాల మీద పంపారు అన్నది కూడా కళాచరిత్రే. అందుకే ఈ సబ్జెక్టు చదివినవాడికి రాజకీయ చరిత్ర, వ్యాపార చరిత్ర వద్దన్నా వచ్చేస్తాయి.

ఇప్పుడు సినిమాకు దగ్గరి విషయానికి వద్దాం. శ్రీకృష్ణదేవరాయలు అనగానే మన కళ్ల ముందు ఎవరు మెదులుతారు? చాలామందికి తలమీద రత్నాల కిరీటం, భుజాల మీద బరువైన నగలతో ఒక రాజు. మరి ఆయన కాలంలోనే చేయించిన ప్రతిమ సంగతేమిటి? అది ఎక్కడో దాచిపెట్టిన వస్తువు కాదు. తిరుమలలో పడికావలి దాటగానే ఉన్న మండపంలో, తిరుమలదేవి, చిన్నాదేవి ఇరుపక్కలా ఉండగా రాయలవారు చేతులు జోడించి నిలుచుని ఉంటారు. మన ఇళ్లలో ఏటా తిరుపతి వెళ్లేవాళ్లందరూ ఆ పక్కనుంచే నడిచి వెళతారు. ఆయన తలమీద ఉన్నది పొడుగాటి కుళ్లాయి.

కుళ్లాయి అంటే శంఖాకారంలో పైకి లేచిన టోపీ. దానికి తోడు కబాయి, అంటే పొడుగు అంగీ. ఈ రెండూ విజయనగర దర్బారు దుస్తులు. శ్రీనాథుడి పేరున చెప్పుకునే చాటుపద్యంలో ఆయన కుళ్లాయి పెట్టుకుని దర్బారు తిప్పలు పడ్డానని వాపోవడం మనకు తెలిసిందే. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద, అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ వేయించిన చిత్రాలు చూడండి. విరూపణ్ణ పరివారం తలల మీద అవే కుళ్లాయిలు. ఆడవాళ్ల చీరల మీద గళ్లు, చారలు, అంచుల్లో ఒకదానికొకటి పోలికలేని అల్లికలు. కొప్పులు పక్కకు ముడిచి ఉంటాయి. ఆ కప్పు ఒక్కటి చాలు, విజయనగర కథ తీసే కాస్ట్యూమ్ విభాగానికి నెలకు సరిపడా పని దొరుకుతుంది.

పశ్చిమాసియా నుంచి, సుల్తానుల దర్బారుల నుంచి వచ్చిన ఆ దుస్తుల్ని విజయనగర రాజులు ఎందుకు తొడుక్కున్నారు? ఆ కాలపు పెద్ద రాజ్యాలన్నిటికీ సభామర్యాదగా చెల్లిన దుస్తులు అవే కాబట్టి. వేషం మతాన్ని బట్టి కాకుండా దర్బారును బట్టి ఉండేది. ఈ ఒక్క ముక్క తెలిసినవాడు రాసే చారిత్రక కథలో మనుషులు అట్ట ముక్కల్లా నిలబడరు. కుళ్లాయి ఒక వస్తువు. దాని వెనక ఒక యుగం ఉంది. కళాచరిత్ర నేర్పేది ఆ వెనక ఉన్నదాన్ని చూడటమే.

మైనర్ అన్న మాట కాగితం మీదికి ఇప్పుడొచ్చింది గానీ, పక్క చదువుగా కళను పట్టుకుని ఎదిగినవాళ్లు మన తెలుగువాళ్లలో వందేళ్లుగా ఉన్నారు. ఆ కథ రాజమండ్రిలో మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాల్‌గా ఉండేవారు. ఆయన సాహిత్యం మనిషి, తనూ బొమ్మలు వేసేవారు. ఆ కళాశాలలో చిత్రకళకు డిగ్రీ లేదు. అయినా తరగతి బయట ఆయన పిల్లల చేత బొమ్మలు వేయించారు, ప్రాచీన చిత్రాల గురించి మాట్లాడారు. ఆ ప్రోత్సాహంతోనే దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసేలోగా ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేసి పోయారు.

అదే కూల్డ్రే శిష్యుడు అడివి బాపిరాజు. ఈయన లా చదివారు. భీమవరంలో కొన్నాళ్లు వకీలుగా ఉన్నారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ దగ్గర చిత్రకళ నేర్చుకుని, తరువాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. సినిమాల్లోకి వెళ్లి 1936లో వచ్చిన ‘అనసూయ’, ‘ధ్రువ విజయం’ చిత్రాలకు కళాదర్శకత్వం చేశారు. 1940లలో హైదరాబాద్ వచ్చి ‘మీజాన్’ పత్రిక నడిపారు. శాతవాహనుల మీద ‘హిమబిందు’, కాకతీయుల మీద ‘గోన గన్నారెడ్డి’ రాశారు. ఆ నవలల్లో నగల పేర్లు, వస్త్రాల పేర్లు, నగర నిర్మాణం అంత సాధికారంగా ఎలా వచ్చాయంటే, రాసినవాడు శిల్పాల ముందు నిలబడి నేర్చుకున్నవాడు కాబట్టి. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో గోన గన్నారెడ్డి పాత్రకు థియేటర్లలో ఈలలు వేసిన కుర్రవాళ్లలో ఎందరికి తెలుసు, ఆ వీరుణ్ణి తెలుగు ఇళ్లకు పరిచయం చేసింది ఒక లాయరు, ఒక చిత్రకారుడు, ఒక కళాదర్శకుడు, ముగ్గురూ ఒకరేనని?

మాధవపెద్ది గోఖలే గారిది ఇంకో తీరు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చిత్రకళ చదివారు. పక్కన కథలు రాశారు. విజయా వారి ‘పాతాళభైరవి’కి, 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు కళాధర్‌తో కలిసి కళాదర్శకులు ఆయనే. ‘మాయాబజార్’లో మనం చూసే ద్వారక నగరం ఒక బుల్లి ఊరు. యాభై అడుగులకు అరవై అడుగుల స్థలంలో దాదాపు 300 చిన్న చిన్న ఇళ్లు కట్టి, వాటిలో దీపాలు వెలిగించి తీశారని చెబుతారు. గ్రాఫిక్స్ లేని రోజుల్లో కట్టిన ఆ ఊరు ఈనాటికీ నమ్మశక్యంగా ఉందంటే, మేడలకు, గోపురాలకు, ప్రాకారాలకు మధ్య ఉండాల్సిన పాళ్లు తప్పకపోవడమే కారణం. పాళ్లు తెలియడం చదువుతో వస్తుంది.

ఇంకొంచెం ఇవతలికి వస్తే తోట వైకుంఠం గారు. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చి, హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్న చిత్రకారుడు. బి. నరసింగరావు గారు 1988లో తీసిన ‘దాసి’కి వైకుంఠం గారు కళాదర్శకత్వం చేస్తే జాతీయ పురస్కారం వచ్చింది. నిజాం కాలపు గడీ లోపలి చీకటి, గోడల రంగు, సామాన్ల బరువు ఆ సినిమాలో సగం కథ చెబుతాయి. ఆయన చదివిన బరోడా ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ 1950లో మొదలైంది. అక్కడ బొమ్మలు వేసే విద్యార్థికి కళాచరిత్ర కూడా పాఠమే. చెయ్యి, బుద్ధి రెండూ కలిసి నడవాలన్నది ఆ బడి పద్ధతి. బందరు బిడ్డ తోట తరణి గారు కూడా మద్రాసు ప్రభుత్వ కళాశాలలో కుడ్యచిత్రకళ చదివాకే ‘నాయకన్’ సెట్లకు, ‘ఇండియన్’ సెట్లకు జాతీయ పురస్కారాలు అందుకున్నారు. ‘రుద్రమదేవి’ కోటలు కట్టింది ఆయనే.

సినిమా బయట కూడా ఒక గొప్ప ఉదాహరణ ఉంది. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టినప్పుడు ఆయన ముందు ప్రధానంగా ఉన్నవి రెండు ఆధారాలు. జాయప సేనాని రాసిన ‘నృత్తరత్నావళి’ ఒకటి. 1213 నాటి రామప్ప గుడి రాళ్ల మీద చెక్కిన నర్తకులు రెండోది. రాతిని చదవడం తెలియకపోతే ఆ నృత్యం మనకు దక్కేది కాదు.

ప్రపంచంలోకి చూసినా ఇదే కనబడుతుంది. భారతీయ కళను పశ్చిమ దేశాలు తలెత్తి చూసేలా రాసిన ఆనంద కుమారస్వామి లండన్‌లో చదివింది భూగర్భశాస్త్రం. సిలోన్‌లో ఖనిజ సర్వే అధిపతిగా పనిచేస్తూ ఊళ్లు తిరిగేటప్పుడు అక్కడి చేతివృత్తుల మీద కన్ను పడింది. 1917లో బోస్టన్ మ్యూజియంలో భారతీయ కళా విభాగం బాధ్యత తీసుకునే దాకా ఆ కన్ను ఆయన్ను నడిపించింది. రాళ్లను పరీక్షించడంలో అలవడిన క్రమశిక్షణ శిల్పాల దగ్గర ఆయనకు పనికొచ్చింది. మొదటి చదువు వృథా పోలేదు.

ఇక ఈ రోజు మన పిల్లలకు ఉన్న అవకాశం ఏమిటో చూద్దాం. 2022 డిసెంబర్‌లో యూజీసీ డిగ్రీ చదువులకు కొత్త చట్రం ఇచ్చింది. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మైనర్‌కు 24. నాలుగేళ్ల డిగ్రీకి 160, అందులో మైనర్‌కు 32. అంటే చదువులో అయిదో వంతు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో 2023-24 నుంచి పాత మూడు సబ్జెక్టుల పద్ధతి తీసేసి ఒక మేజర్, ఒక మైనర్ పెట్టారు. ఇంజనీరింగ్‌లో ఏఐసీటీఈ 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చదివితే మైనర్ డిగ్రీ ఇవ్వొచ్చంది. అమెరికా వెళ్లిన మన పిల్లలకు ఇది కొత్త కాదు. అక్కడ అయిదారు కోర్సులు తీసుకుంటే మైనర్ పూర్తవుతుంది. కంప్యూటర్ సైన్స్ పక్కన సంగీతమో, కళాచరిత్రో తీసుకుంటే ఎవరూ వింతగా చూడరు.

చట్రం ఉంది. అందులో కళాచరిత్ర ఎంత ఉంది? ఇక్కడే మనం వెనకబడ్డాం. ఇంజనీరింగ్ మైనర్ల జాబితా తీస్తే కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ వరసగా కనబడతాయి. కళల పేరు వెతుక్కోవాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ 1988 నుంచి ఉంది, అక్కడ కళాచరిత్రలో పీజీ చేయవచ్చు. మాసాబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2008లో ఏర్పడింది. ఇవి కళనే ప్రధానంగా ఎంచుకున్నవాళ్ల చోట్లు. మామూలు డిగ్రీ కుర్రాడు, బీటెక్ అమ్మాయి తలుపు తట్టి లోపలికి రాగల చిన్న గుమ్మం కావాలి. ఆ గుమ్మమే మైనర్.

ఒకవేళ ఏదైనా కళాశాల ఈ మైనర్ పెట్టాలనుకుంటే పాఠాలు ఎలా ఉండాలి? గ్రీకు స్తంభాలతో మొదలుపెట్టి ఆఖరి వారంలో అజంతాకు వచ్చే సిలబస్ మనకొద్దు. మొదటి కోర్సు చూడటం నేర్పాలి. ఒక్క బొమ్మ ముందు గంటసేపు కూర్చోబెట్టి రాయించాలి. రెండోది అమరావతి నుంచి రామప్ప మీదుగా లేపాక్షి దాకా. మూడోది దక్కను, అంటే గోల్కొండ, బీజాపూర్ చిత్రాలు, 1591 నాటి చార్మినార్, కలంకారీ, బిద్రీ. నాలుగోది దామెర్ల నుంచి పి.టి. రెడ్డి, లక్ష్మాగౌడ్ దాకా ఆధునికులు. అయిదోది జనం బొమ్మలు, అంటే చేర్యాల పటాలు, తోలుబొమ్మలు, చందమామ బొమ్మలు, బాపు గీత, సినిమా పోస్టరు. ఆరోది క్షేత్రంలో చేసే ప్రాజెక్టు.

దీనికి హైదరాబాద్‌కు మించిన ఊరు లేదు. 1956 దాకా అజంతా ఉన్నది హైదరాబాద్ రాష్ట్రంలో. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ అజంతా మీద తెచ్చిన సంపుటాలను ఈనాటికీ పండితులు తీసి చూస్తారు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లు ఉన్నాయి. సాలార్‌జంగ్ ఉంది. దోమలగూడలో జగదీశ్, కమలా మిత్తల్ దంపతుల సేకరణ ఉంది. జూబ్లీహిల్స్ పక్కనే మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఇన్ని చోట్లకు ఒక సిటీ బస్సు పాసు చాలు. ఈ చదువు దొరకని కళాశాలలో ఉన్న విద్యార్థికి స్వయం వేదిక మీద ఆన్‌లైన్ కోర్సులున్నాయి. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో నలభై శాతం వరకు క్రెడిట్లు అలా తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. ‘ఇది చదివితే ఉద్యోగం వస్తుందా అండీ?’ ఉన్నమాట చెబుతాను. కళాచరిత్ర మైనర్ ఒక్కటి చూపించి ఎవరూ జీతం ఇవ్వరు. అది మేజర్‌కు విలువ పెంచుతుంది. గ్రాఫిక్స్ కంపెనీలో త్రీడీ సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లు వందమంది ఉంటే, కాకతీయ తోరణానికీ, కుతుబ్‌షాహీ కమానుకూ తేడా చెప్పగలవాడు వాళ్లలో ఒకడు ఉంటాడేమో. పని ఎక్కువ పడేది వాడికే. ‘మహానటి’కి వచ్చిన జాతీయ పురస్కారాల్లో ఒకటి దుస్తులకు. సావిత్రి గారి కాలపు నేతల్ని, అంచుల్ని వెతికి పట్టుకుని మళ్లీ తయారు చేయించిన పని అది. వెతకడం తెలియనివాళ్లకు ఆ పురస్కారం రాదు. మ్యూజియంలు, వేలం సంస్థలు, పర్యాటక శాఖలు, ఆటల కంపెనీలు, నగల డిజైన్, పిల్లల పుస్తకాలు, వీటన్నిటికీ ఈ కన్ను కావాలి.

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇంకెందుకీ చదువు అనేవాళ్లున్నారు. నాకు అది తలకిందుల వాదంలా తోస్తుంది. కాకతీయ కోట గీయమని యంత్రాన్ని అడిగి చూడండి. తరచూ ఏమిస్తుందంటే, ఆకుల అంచుల్లా వంపులు తిరిగిన కమానులు, రాజస్థానీ గవాక్షాలు, ఎక్కడివో గుమ్మటాలు. ఆ వంపుల కమాను విరివిగా వాడుకలోకి వచ్చింది షాజహాన్ కాలంలో. రుద్రమదేవికీ దానికీ మధ్య దాదాపు మూడు వందల యాభై ఏళ్లు. కాకతీయుల కట్టడం నిట్టనిలువు స్తంభం మీద అడ్డదూలం పెట్టే పద్ధతి. వరంగల్ కోటలో ఇప్పటికీ నిలబడి ఉన్న నాలుగు తోరణాలు చూస్తే చాలు. క్షణంలో వంద బొమ్మలు గీసే యంత్రం ఉన్నప్పుడు, అందులో తొంభై తొమ్మిది తప్పని చెప్పగల మనిషికే గిరాకీ. గీయడం చవకైంది, గుర్తుపట్టడం ఖరీదైంది.

చివరగా ఫిల్మ్‌నగర్ గురించే ఒక ముఖ్యమైన మాట. తెలుగు సినిమా కూడా ఇప్పుడు కళాచరిత్రలో ఒక అధ్యాయమే. ఆ అధ్యాయం రాసుకోవడానికి మన దగ్గర కాగితాలు మిగలడం లేదు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటే ఈ రోజు లేదు. సినిమా పూర్తయ్యాక సెట్టు విరగ్గొట్టి ఫ్లోర్ ఖాళీ చేస్తారు. అది వృత్తిధర్మం, తప్పు పట్టలేం. కానీ ఆ సెట్టు కట్టకముందు వేసిన స్కెచ్చులు, కొలతల కాగితాలు, రంగుల నమూనాలు కూడా పాత సామాన్లవాడి బండెక్కుతున్నాయి. పోస్టర్ల సంగతీ అంతే. పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ గారు తన అనుభవంతో ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకం రాసి ఉండకపోతే, ఆ వృత్తి గురించి తెలుగులో చెప్పుకోవడానికి మనకు చాలా తక్కువ మిగిలేది.

కృష్ణానగర్ గల్లీల్లో అచ్చులు పోసే మోల్డింగ్ పనివాళ్లున్నారు, సెట్టు వెనక కట్టే పెద్ద పరదాల మీద కొండలూ మబ్బులూ వేసిన పెయింటర్లున్నారు, కిరీటాలు, గదలు అద్దెకిచ్చే ప్రాపర్టీ కొట్లున్నాయి. పరదా పెయింటర్లలో చాలామందికి ఫ్లెక్సీ వచ్చాక, తరువాత గ్రాఫిక్స్ వచ్చాక పని తగ్గింది. పెద్ద వయసులో ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఏ రంగు దేంతో కలిపేవారు, కెమెరాకు దూరం కనబడాలంటే నీలం ఎంత పలచన చేసేవారు, నలుపు తెలుపు సినిమాకు గోడకు ఏ రంగు వేసేవారు అని అడిగి రాసుకుంటే, అది మైనర్ విద్యార్థి ప్రాజెక్టుకు సరిపోతుంది. తరువాతి తరం పరిశోధకుడికి అదే మూలాధారం అవుతుంది.

కాబట్టి మూడు మనవులు.

విద్యార్థులకు: మైనర్ ఎంచుకునే పట్టిక మీ ముందు పెట్టినప్పుడు అందరూ టిక్కు పెట్టినదానికే టిక్కు పెట్టకండి. మీ కళాశాలలో కళాచరిత్ర లేకపోతే పదిమంది కలిసి అర్జీ పెట్టండి. అర్జీలు వస్తేనే కోర్సులు వస్తాయి.

కళాశాలల ప్రిన్సిపాళ్లకు: దీనికి లాబొరేటరీలు అక్కర్లేదు. చూడటం తెలిసిన ఒక అధ్యాపకుడు, ఒక ప్రొజెక్టర్, ఏడాదికి రెండుసార్లు రామప్పకో లేపాక్షికో పిల్లల్ని తీసుకెళ్లే బస్సు చాలు. కూల్డ్రే దొరగారి కళాశాలలో వాటిలో మొదటిది తప్ప మిగతావి కూడా లేవు.

సినిమా పెద్దలకు: మీ సినిమా వంద రోజులు ఆడినా, వారం ఆడినా, ఆర్ట్ డిపార్ట్‌మెంట్ స్కెచ్చులు ఒక పెట్టెలో పెట్టి, సినిమా పేరు, సంవత్సరం, వేసినవాళ్ల పేర్లు పైన రాసి, దగ్గర్లోని విశ్వవిద్యాలయానికి అప్పగించండి. రేపు ఈ చదువు చదివే పిల్లలకు మొదటి పాఠ్యపుస్తకం అదే.